సంగటి ముద్దలో ఆకు

ఆకుకూర తిననని తెలుగులో అందరికీ గుర్తుండేలా మొరాయించినవాడు పసిబిడ్డ కాదు, కవిసార్వభౌముడు. శ్రీనాథుడి పేరున ప్రచారంలో ఉన్న ఒక చాటువు సాక్షాత్తూ కృష్ణుణ్ణే నిలదీస్తుంది. పూతన దగ్గర విషం తాగడం, కార్చిచ్చు మింగడం గొప్పేమీ కాదట. చింతచిగురు వేసి ఉడికించిన బచ్చలికూరను జొన్నకూటితో కలిపి ఒక్క ముద్ద దిగమింగితే అప్పుడు తెలుస్తుందట ఆయన పస. పల్నాటి మెట్టనేలల తిండి మీద రాజాస్థానాల సన్నబియ్యానికి అలవాటుపడిన నాలుక చూపిన విసుగు అది. ఆ తర్వాత నూరేళ్లు తిరక్కముందే, 16వ శతాబ్దం మొదట్లో, శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వానాకాలాన్ని వర్ణిస్తూ దాదాపు అదే తిండిని ఎంతో మక్కువతో చెప్పాడు. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిసాకు, వాటికి తోడు చింతచిగురు, అన్నీ కలిపి నూనెలో పొరటిన కూర, దానితో ఆరికల అన్నం: ముసురు పట్టిన పూట కాపుల ఇళ్లలో ఆబగా తినే భోజనం అది. శ్రీనాథుడికి గొంతు దిగనిది రాయలకు నోరూరించింది. కూర రుచి నూరేళ్లలో మారిపోలేదు, చూసే చూపు మారింది. వద్దన్నది నాలుక కాదు, హోదా.

ఈ రెండు పద్యాలను పక్కపక్కన పెట్టి చూడాల్సిన అవసరం ఇప్పుడు ఎక్కువగా ఉంది. పాత కర్నూలు, కడప జిల్లాల్లో మూడేళ్ల నుంచి ఐదేళ్ల బిడ్డలున్న ఏ ఇంట్లో చూసినా పప్పులోంచి ఆకును ఏరి పళ్లెం అంచున పెట్టే పిల్లలు, వాళ్ల వెనక గిన్నె పట్టుకుని తిరిగే తల్లులు కనిపిస్తారు. సలహాలన్నీ పిల్లల నోటి చుట్టూనే తిరుగుతుంటాయి: కథలు చెప్పండి, క్యారెట్‌ను పువ్వులా తరగండి, తింటే బొమ్మ కొనిస్తామనండి. పిల్లల మొండితనమే అసలు చిక్కు అన్నది ఈ సలహాలన్నిటి కిందా ఉన్న నమ్మకం. ఈ సీమ తిండి చరిత్ర చదివితే అది నిలబడదు. పిల్లలు ఆకును తోసేయడానికి చాలా ముందే పెద్దలు దాన్ని పొలంలోంచీ కుండలోంచీ తోసేశారు. ఒకప్పుడు ముద్దలో కలిసి కనపడకుండా ఉన్న ఆకు ఇప్పుడు పళ్లెంలో వేరుగా, ఒంటరిగా, తీసేయడానికి వీలుగా పడి ఉంది. బిడ్డ దాన్ని తీసేస్తున్నాడు, అంతే.

ముద్దలో కలిసి ఉండడం అంటే ఏమిటో చెప్పాలంటే వంటింట్లోకి పోవాలి. సీమలో పూట తిండికి ఆధారం సంగటి. జొన్న సంగటి, రాగి సంగటి, లేదంటే కొర్రబువ్వ. సంగటిని నమలరు. ముద్ద తుంచి, గుంట చేసి, పులుసులోనో పప్పులోనో అద్ది మింగుతారు. కాబట్టి దానికి తోడుగా వచ్చేది ముద్దకు అంటుకునేలా జారుగా, మెత్తగా ఉండాలి. ముక్కలు ముక్కలుగా వేయించిన కూర సంగటికి పనికిరాదు. ఆ అవసరంలోంచే పుల్లగూర పుట్టింది. గోగాకు, చుక్కాకు లాంటి పుల్లటి ఆకునో, పులుపు లేని ఆకైతే చింతపండుతోనో చింతచిగురుతోనో, మిరపకాయలు, ఎర్రగడ్డ, ఉంటే గుప్పెడు కందిపప్పు వేసి కుండలో మెత్తగా ఉడికించి, పప్పుగుత్తితో బాగా ఎనుపుతారు. ఎనిపిన తర్వాత ఏది ఆకో ఏది పప్పో విడదీసి చెప్పలేం. పైన తెల్లగడ్డ పోపు. ఇంట్లో ముసలివాళ్లకూ పనికి పోయేవాళ్లకూ పిల్లలకూ అదే కుండ. పిల్లల ముద్దకు కారం తగలకుండా కొంచెం నెయ్యో మజ్జిగో కలిపేవాళ్లు తప్ప వేరే వంట ఉండేది కాదు. ఏరి పక్కన పెట్టడానికి వీల్లేని వంట అది. పప్పుగుత్తి అనే ఒక చెక్క పనిముట్టు, పోషకాహార నిపుణులు ఇవాళ ఎన్నో ఉపాయాలతో సాధించాలని చూస్తున్న పనిని, ఏ ఉపాయమూ అక్కర్లేకుండా చేసిపెట్టింది.

ఆ కుండలోకి వచ్చే ఆకు ఎక్కడిది? ఎక్కువ భాగం కొన్నది కాదు, పండించింది కూడా కాదు. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడే ఈ నేలలో మెట్ట చేనంటే ఒక్క పంట కాదు. జొన్న సాళ్ల నడుమ కంది, అలసంద, అనుములు, గట్టున గోగు, అక్కడక్కడా దోసపాదు. ఇవి వేసినవి. వేయకుండా మొలిచేవి ఇంకా ఎన్నో: తొలకరికి చెంచలాకు, గురుగాకు, తుమ్మి, గలిజేరు, తేమ ఉన్నచోట పొన్నగంటి, గంగపాయిలాకు. ఆడవాళ్లు కలుపు తీయడానికి పోయి సాయంత్రం ఒడినిండా కూరాకుతో తిరిగొచ్చేవాళ్లు. ఒక్క జాతి ఆకు ఒక్కరోజుకు చాలినంత దొరకదు కాబట్టి నాలుగైదు రకాలు కలిపి వండేవాళ్లు. అదే కలగూర. ఇవాళ అతకని విషయాలను ఒకచోట చేరిస్తే ‘కలగూరగంప’ అని చిన్నచూపుతో అంటున్నాం గానీ, ఒకనాడు ఆ గంపే ఇంటిల్లిపాదికీ ఆధారం. కడపలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ 1852లో అచ్చయిన తన నిఘంటువులో ఈ అడవి ఆకుల పేర్లను కూడా వదలకుండా చేర్చాడు. జనం నోళ్లలో రోజూ ఆడే మాటలు కాబట్టే అవి ఆయన చెవిన పడ్డాయి. చేను చేసేవాడి లెక్కలో అదే మొక్క కలుపు, వంట చేసేదాని లెక్కలో కూర. ఈ రెండు లెక్కలూ ఒకే చేతిలో, ఒకే ఆడమనిషి చేతిలో, ఉన్నన్నాళ్లూ పిల్లల ముద్దలోకి ఆకు ఖర్చు లేకుండా వచ్చింది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. ఇదంతా కరువుసీమ గురించి రాస్తున్న మాట. ధాత కరువని నేటికీ పేరు మిగిలిన 1876-78 నాటి కరువు ఈ జిల్లాలను పీనుగుల దిబ్బ చేసింది. అడవి ఆకు తిన్నారంటే రుచి మరిగి తిన్నారా, గతిలేక తిన్నారా? గతిలేక తిన్నదాన్ని సంప్రదాయమని మెచ్చుకోవడం ఆకలితో చచ్చినవాళ్లను వెక్కిరించడం కాదా? నిజమే, కరువులో తిన్న ఆకులూ దుంపలూ వేరు. అవి ప్రాణం నిలుపుకోవడానికి తవ్వుకున్నవి, వాటిలో కొన్ని ప్రాణాలు తీశాయి కూడా. అయితే రాయలు చెప్పిన ఆకులు కరువు తిండి కావు. అవి మంచి వాన పడి, పసులు మేతకు పోయి, దూడలు ఇంట ఉన్న కాలపు తిండి. చెంచలి, గురుగు మొలవాలంటే ముందు వాన పడాలి. వాన పడని ఏడు ఆ ఆకు కూడా ఉండదు. కరువు గింజలను తీసుకుపోయినట్టే ఆకును కూడా తీసుకుపోయింది. ఆ సంగతి పాలకుల లెక్కల్లో మాత్రం ఎక్కలేదు. 1877లో సర్కారు ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో కూలికి వచ్చినవాడికి రోజుకు ఒక పౌండు గింజలు, ఒక అణా చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఆ కొలత మనిషిని నిలబెట్టదనీ, ఒట్టి గింజలతో ఒళ్లు నిలవదనీ పోట్లాడాడు. తిండి అంటే గింజ బరువే అన్న లెక్క ఈ ప్రాంతంలో సర్కారు కాగితాలకెక్కింది ఆ కరువు రోజుల్లోనే. అది అంత తొందరగా దిగిపోలేదు.

పాత రోజుల్లో లోపాలు లేవని కాదు. ఎండాకాలం ఆకు ఉండదు. మాఘం దాటితే మెట్టపొలంలో పచ్చనిదేదీ మిగలదు. కోసి ఎండబెట్టి దాచుకున్నది ఎన్నాళ్లో రాదు. రేచీకటికి ఈ సీమ పల్లెలు కొత్త కాదు. అంతకన్నా పెద్ద లోపం ఒకటుంది. పాలు మాన్పించే వయసు నుంచి రెండు, మూడేళ్ల దాకా బిడ్డకు ఆకు పెడితే కడుపు జారుతుందని, పచ్చ విరేచనాలవుతాయని భయం. బువ్వ, పలచని పప్పుకట్టు, మజ్జిగ, అంతే. బాలింత పథ్యం కూడా అలాంటిదే. కారప్పొడి, తెల్లగడ్డ, పాత బియ్యపన్నం తప్ప కూరాకును నెలల తరబడి తల్లి దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. ఇంతకీ బిడ్డలకు మనం ఊహించుకున్న తిండి ఏమిటో చూడండి. కడప జిల్లా తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య చందమామను పిలిచే పాటలో అడిగించింది పైడిగిన్నెలో వెన్నపాలు. అది దేవుడికి పాడిన పాట కాబట్టి అలా ఉండడం న్యాయమే. కానీ ప్రతి తల్లీ తన బిడ్డకు అదే పాడింది. పాటలో వెన్న ఉంది, కుండలో చెంచలాకు ఉంది. బిడ్డకు శ్రేష్ఠమైనది వెన్నేననీ, ఆకు పెద్దల కూలితిండి అనీ ఒక మెట్టు ఎప్పటినుంచో మన మనసుల్లో ఉండనే ఉంది. అందుకే సంప్రదాయం అన్ని వయసుల పిల్లలకూ ఆకు తినిపించిందని నేను అనడం లేదు. బిడ్డ ఇంటి కుండలోకి వచ్చిన తర్వాత, అంటే సరిగ్గా ఇవాళ అంగన్‌వాడీకి పోయే వయసులో, ఆకును తప్పించుకునే దారి ఆ వంటలో లేదని మాత్రమే అంటున్నాను. ఆ మేలు చిన్నదేమీ కాదు.

అది ఎలా పోయింది? ఒక్కసారిగా పోలేదు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల నుంచి తవ్విన కర్నూలు-కడప కాలువ, 1882లో సర్కారు కొనుక్కున్న తర్వాత మెల్లగా నిలదొక్కుకుని, కాలువ కింది ఊళ్లకు వరిని తెచ్చింది. కాలువ లేని ఊళ్లు ఆ అన్నం వైపు ఆశగా చూశాయి. పండక్కి వరన్నం, మామూలు రోజు సంగటి అన్న తేడా అక్కణ్ణుంచి ఇంకా గట్టిపడింది. 20వ శతాబ్దంలో వేరుశనగ వచ్చింది. రాయచోటి, పులివెందుల వైపు, ఇటు పత్తికొండ, ఆలూరు వైపు ఎర్రనేలలన్నీ చెనిక్కాయ చేలయ్యాయి. డబ్బు పంట కాబట్టి రైతు దాన్ని ఎంచుకోవడం తప్పు కాదు. కానీ నేలను ఆనుకుని కమ్ముకునే ఆ పంటలో మధ్య సాళ్ల అలసందకూ అనుములకూ చోటు తగ్గింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఇచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం ఆకలి మీద పడిన పెద్ద దెబ్బ. అందులో సందేహం లేదు. శ్రీనాథుడి నాటి నుంచి ఉన్నవాళ్లకే పరిమితమైన వరన్నం కూలివాడి పళ్లెంలోకి వచ్చింది. దానితోపాటు సంగటి తగ్గింది. సంగటి తగ్గితే పుల్లగూరకు పని తగ్గింది. వరన్నానికి చారు చాలు, పచ్చడి చాలు, మజ్జిగ చాలు. ఆకు లేకుండా అన్నం దిగుతుంది, సంగటి దిగదు. ఈ చిన్న తేడాను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

2000 తర్వాత కర్నూలు నల్లరేగళ్లలో జేజీ-11 రకం శనగ పరుచుకుంది. విత్తనం నుంచి నూర్పిడి దాకా యంత్రాలు. ఒకప్పుడు శనగచేలో తల తుంచితే మొక్క బాగా పిలకలు వేస్తుందని లేత కొనలు గిల్లి, ఆ శనగాకుతో పప్పు చేసుకునేవాళ్లు. మందు చల్లిన చేలో ఎవరు గిల్లుతారు? కలుపుమందు వచ్చాక కూలి ఖర్చు మిగిలింది, రైతుకు అది ఊరట. కానీ కలుపు తీసే ఆడవాళ్లతో పాటు ఒడినిండా వచ్చే కూరాకు కూడా ఆగింది. ఇందాక చెప్పిన రెండు లెక్కలు విడిపోయాయి. చేను మగవాడి ఖాతాలోకీ, కూర అంగడి ఖాతాలోకీ పోయాయి. అంగట్లో దొరికేవి పాలకూర, తోటకూర, మెంతికూర. చెంచలాకును అమ్మేవాళ్లు అరుదు, అడిగేవాళ్లు అంతకన్నా అరుదు. దాని పేరు తెలిసిన చివరి తరం ఇప్పుడు నడివయసు దాటింది.

పొలం ఇలా మారుతున్న రోజుల్లోనే పిల్లల తిండిని సర్కారు చేతికి తీసుకుంది. ఇక్కడి చరిత్ర జాగ్రత్తగా చదవాల్సినది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో మొదలుపెట్టిన చిన్న పరిశోధనశాల పెరిగి, 1958లో హైదరాబాదుకు మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు తెచ్చుకుంది. ఆ కాలంలో ప్రపంచమంతా మాంసకృత్తుల మీద దృష్టి పెట్టింది. ఒళ్లు ఉబ్బి, జుట్టు ఎర్రబడి ఆసుపత్రికి వచ్చే పిల్లలను చూసిన వైద్యులు వాళ్లకు ముందు కేలరీలు, మాంసకృత్తులు కావాలన్నారు. ఆ సంస్థ తయారు చేసిన హైదరాబాద్ మిక్స్ ప్రాణాలు నిలిపింది: వేయించిన గోధుమ 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. మంచి కొలత, చవక, ఇంట్లో చేసుకోదగ్గది. అందులో ఆకు లేదు. ఉండడానికి వీల్లేదు కూడా, పొడిలో ఆకు నిలవదు. 1970లో మొదలైన ప్రత్యేక పోషకాహార కార్యక్రమమైనా, 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకమైనా పిల్లల తిండిని 300 కేలరీలు, ఇన్ని గ్రాముల మాంసకృత్తులు అనే కొలిచాయి. 2001 నవంబరులో సుప్రీంకోర్టు తిండి హక్కు కేసులో ఇచ్చిన ఆదేశంలో కూడా కొలత అదే. నాటి టెంపుల్ గింజ తూచాడు, నేటి ప్రభుత్వం కేలరీ తూచింది. రెంటికీ ఉద్దేశంలో నింగికీ నేలకూ ఉన్నంత తేడా ఉంది, ఒకటి ఖజానా కోసం, ఒకటి బిడ్డ కోసం. కానీ ఏ త్రాసులోనూ ఆకు తూగలేదు.

ఆకు వల్ల వచ్చే మేలును మరో దారిన, మందుగా ఇచ్చారు. రేచీకటి వల్ల పిల్లల కళ్లు పోకుండా 1970లో దేశవ్యాప్తంగా విటమిన్ ఏ ద్రావకాన్ని ఆరు నెలలకోసారి, రెండు లక్షల యూనిట్ల మోతాదున నోట్లో పోసే కార్యక్రమం మొదలైంది. దానికి ఆధారం హైదరాబాదు సంస్థ పరిశోధనే. అదే ఏడు, అదే సంస్థలో వి. లాలా, వినోదినీ రెడ్డి పోషణ లోపించిన పిల్లలకు తోటకూర పెట్టి, అందులోని కెరోటిన్ వాళ్ల ఒంటికి బాగానే పడుతుందని చూపారు. ఒకే సంవత్సరంలో ఒకే చోట రెండు దారులు కనిపించాయి. ఒకటి చెంచా, ఒకటి కుండ. చెంచాను లెక్కపెట్టవచ్చు, రిజిస్టరులో రాయవచ్చు, కుండలో ఏముందో పై అధికారికి కనపడదు. చెంచా గెలిచింది. కళ్లు పోయే బిడ్డ ఎదురుగా ఉన్నప్పుడు చెంచానే ముందు పట్టుకోవాలి, అందులో తప్పు లేదు. తర్వాతి ఇరవై, ముప్పై ఏళ్లలోనైనా కుండ వైపు అదే పట్టుదలతో తిరగకపోవడమే నా బాధ.

శాస్త్రం వైపు నుంచి వచ్చే అభ్యంతరాన్ని కూడా దాటవేయకూడదు. 1995లో డి పీ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఇండోనేసియా తల్లుల మీద చేసిన పరిశీలనను లాన్సెట్ పత్రిక అచ్చువేసింది. ముదురాకుపచ్చ కూరలు ఎక్కువగా తిన్నా విటమిన్ ఏ స్థాయి మెరుగుపడలేదని తేలింది. ఆకులోని కెరోటిన్ కణాల మధ్య చిక్కుకుని ఉంటుందనీ, ఒంటికి తేలికగా అందదనీ అప్పటి నుంచి చాలామంది ఆకుకూరలను చిన్నచూపు చూశారు. కెరోటిన్ విషయం కాకపోతే ఇనుము విషయం ఉంది. ఆకులోని ఇనుము ఒంటికి పట్టేది తక్కువే. ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత 2015-16 సర్వేలో 58.6 శాతం ఉంటే 2019-20కి 63.2 శాతానికి పెరిగింది. ఇంత పెద్ద కొండను పుల్లగూర ఒక్కటే కదిలిస్తుందని చెబితే అబద్ధమవుతుంది. కానీ కెరోటిన్ సంగతిలో జవాబు వంటలోనే ఉంది. ఎంత మెత్తగా ఉడికిందీ, ఎంత నలిగిందీ, ఎంత నూనె తగిలిందీ అన్నదాని మీద ఒంటికి అందేది ఆధారపడి ఉంటుంది. పచ్చిగానో ముక్కలుగానో తినే ఆకు వేరు, మెత్తగా ఉడికి, పప్పుగుత్తి కింద నలిగి, నూనె పోపు తగిలిన ఆకు వేరు. రాయలు ఆ పద్యంలో నూనె సంగతి మర్చిపోకుండా చెప్పడం నన్ను ప్రతిసారీ ఆపి నిలబెడుతుంది. ఇంకొకటి. సాళ్ల నుంచి ఆకును నెట్టేసిన వేరుశనగే ఆ నూనెను పేద ఇంటికి దగ్గర చేసింది. కుసుమ, నువ్వుల నూనె అపురూపంగా వాడే ఇళ్లలోకి చెనిక్కాయ నూనె, చెనిక్కాయ పొడి వచ్చాయి. ఆకు ఉన్న రోజుల్లో నూనె కరువు, నూనె వచ్చిన రోజుల్లో ఆకు కరువు. ఈ రెండూ ఒకే కుండలో కలవగల కాలం ఈ సీమకు ఇప్పుడే వచ్చింది. గింజ వైపు దారి కూడా మూసుకుపోలేదు. నంద్యాల పరిశోధన కేంద్రం సూర్యనంది లాంటి కొర్ర రకాలను రైతులకు ఇస్తూనే ఉంది.

ఇక పిల్లల నాలుక. చేదునూ కొత్త రుచినీ పసిపిల్లలు సహజంగానే వెనక్కి నెడతారనీ, ఇది ఏ దేశంలోనైనా ఉన్నదేననీ, దానికి చరిత్రతో పని లేదనీ అనవచ్చు. నెడతారన్న మాట నిజం. కానీ ఎంతకాలం నెడతారన్నది స్థిరమైనది కాదు. అమెరికాలో లీయాన్ బర్చ్ 1980ల్లో రెండు, మూడేళ్ల పిల్లలకు కొత్త పదార్థాలను మళ్లీమళ్లీ రుచి చూపించి గమనించింది. ఎన్నిసార్లు రుచి చూస్తే అంతగా ఇష్టం పెరిగింది. బలవంతమూ బహుమతీ అక్కర్లేకుండా ఒట్టి పరిచయమే ఆ పని చేసింది. 2001లో జూలీ మెనెల్లా బృందం తల్లులు గర్భిణులుగానో, పాలిచ్చే రోజుల్లోనో క్యారెట్ రసం తాగితే బిడ్డలు ఆ రుచిని తర్వాత తేలిగ్గా ఒప్పుకున్నారని చూపింది. ఈ రెంటినీ సీమ వంటతో కలిపి చదవండి. మన పుల్లగూర బర్చ్ చెప్పినదాన్ని రోజూ చేసింది. రకరకాల ఆకులు, ఒకే పులుపు, ఒకే పోపు. కొత్త ఆకు వచ్చినా ముద్ద రుచి పాతదిలాగే ఉంటుంది కాబట్టి బిడ్డకు కొత్త భయం పుట్టదు. చింతపులుపు చేదును కప్పుతుంది. మెనెల్లా చెప్పినదానికి మాత్రం మన బాలింత పథ్యం అడ్డం తిరిగింది. పాలలో ఆకు రుచి తగలాల్సిన నెలల్లోనే తల్లికి ఆకు మాన్పించాం. సంప్రదాయంలో నిలుపుకోవాల్సింది పప్పుగుత్తి, వదులుకోవాల్సింది ఆ పథ్యం. రెంటినీ ఒకే మూటగా కట్టి నెత్తిన పెట్టుకోవడం గానీ, పారేయడం గానీ కుదరదు.

ఊళ్లో కూరగాయలు పండితే పిల్లలు తింటారు కదా అనే వాదం ఇంకొకటి. దానికి పత్తికొండే సమాధానం. రాష్ట్రంలో పేరున్న టమోటా మార్కెట్లలో అది ఒకటి. ధర కిలో రూపాయికి పడిపోయిన రోజుల్లో రైతులు పంటను రోడ్డు పక్కన పారబోసి పోయిన దృశ్యాలు పేపర్లలో ఎన్నిసార్లు చూశామో. కర్నూలు మార్కెట్‌కు వచ్చే ఎర్రగడ్డల గుట్టలదీ అదే కథ. కడప జిల్లా కృష్ణాపురం ఎర్రగడ్డ సముద్రాలు దాటి ఆగ్నేయాసియా దేశాలకు పోతుంది. అమ్మడానికి పండించిన కూరగాయకు దారి మార్కెట్ వైపే ఉంటుంది. ధర ఉంటే ఊరు దాటుతుంది, లేకపోతే రోడ్డు మీద కుళ్లుతుంది. అంగన్‌వాడీ గిన్నెలోకి రావడానికి దానికి దారే లేదు. చేలో కలుపుగా మొలిచిన ఆకుకు ధర లేదు కాబట్టే అది ఇంట్లోకి వచ్చింది. బిడ్డకు అందింది ధర లేనిదే.

ఇప్పుడు అంగన్‌వాడీలో వేడి అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు ఉన్నాయి. పొడుల కాలంతో పోలిస్తే ఇది పెద్ద మార్పు. 2020 సెప్టెంబరు 7న మొదలైన సంపూర్ణ పోషణ పథకం గర్భిణులకూ బాలింతలకూ రాగిపిండి, బెల్లం, చిక్కీ ఇంటికి పంపింది. శ్రీనాథుడు ఈసడించిన మెట్టతిండి ప్రభుత్వ సంచిలో గౌరవంగా తిరిగొచ్చిందంటే సంతోషించాల్సిందే. అయితే ఈ సరుకులన్నిటికీ ఒక పోలిక ఉంది. బియ్యం, కందిపప్పు, రాగిపిండి, నూనె, గుడ్డు, ఏవైనా లారీలో వస్తాయి, గోదాములో నిలవుంటాయి, బిల్లులో ఎక్కుతాయి. ఆకు అలా రాదు. పొద్దున కోసిన చెంచలాకు మధ్యాహ్నానికి తలవాలుస్తుంది. దాన్ని పంపే టెండరు ఉండదు. అది ఆ ఊరి నేలలోనే మొలవాలి, ఆ పూటే కోయాలి, ఆ కుండలోనే ఎనపాలి. అంగన్‌వాడీ ఆవరణలో నాలుగు మడులు వేయమని చెప్పడం మంచిదే. కానీ నీటికే వెతుక్కునే ఆలూరు, లక్కిరెడ్డిపల్లె లాంటి చోట్ల ఎండాకాలం ఆ మడులు బతకవు. వానాకాలం నాలుగు నెలలు మాత్రం ఊరి చుట్టూ ఉన్న చేలన్నీ తోటలే. అంగన్‌వాడీ కేంద్రానికి ఐదు నిమిషాల నడక దూరంలో కలుపుమందు చల్లని చేలు ఏవి, వాటిలో ఏ ఆకు ఏ నెలలో మొలుస్తుంది, గలిజేరులో ఏది తినదగ్గది ఏది కాదు అన్నది ఊళ్లో చెప్పగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లలో చాలామంది అరవై దాటిన ఆడకూలీలు. పొద్దున ఎనిమిదింటికి పనికి పోతూ దారిలో ఒక ఒడి ఆకు అంగన్‌వాడీ గడపలో వేసి పోవడానికి వాళ్లకు ఇంత కూలి అని ఏ పథకంలోనూ ఇప్పటిదాకా ఒక పద్దు రాయలేదు.